ఆవిడ ఆట అవ్వలేదు

సేటప్ప పోయిందని నాకు చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. కాటా మీద బండి నిలబెట్టి, కిందికి దిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మామూలు కబురు చెప్పినట్టే చెప్పాడు. "సేటప్ప పోయింది బాబూ, మొన్న మంగళారం. కామెర్లు ముదిరిపోనాయంట." వెంటనే లోడు బరువెంత తేలిందని అడిగాడు. చీటీ రాసి ఇచ్చాను. బండి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ తర్వాత వచ్చిన రెండు బళ్ళకీ బరువు తప్పు రాసి, తిట్లు తిని, మళ్ళీ రాశాను.

అనకాపల్లి దాటి ఎలమంచిలి వైపు వెళ్ళే హైవే పక్కన లారీలు తూచే కాటా ఒకటుంది. అక్కడ గుమాస్తాగా నా జుట్టు నెరిసింది. సేటప్ప నాకు చుట్టం కాదు, మా వీధి మనిషి కాదు. అసలు పేరేమిటో కూడా నాకు తెలియదు. మా వైపు అక్కని అప్ప అంటారు. చేటని పల్లెల్లో సేట అంటారు. ఆవిడ చేతిలో చేట లేకుండా చూసినవాడు ఆ హైవే మీద లేడు గనక డ్రైవర్లందరికీ సేటప్ప అయింది. ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

పోయిందని విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పాత కోపమే. అడుగున ఎక్కడో ఉండిపోయింది, కదిలేసరికి పైకి తేలింది. ఎవరి మీద అంటే, జీపుల్లో వచ్చి సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయే వాళ్ళ మీద.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. హైవేని నాలుగు వరసలు చేస్తున్నారు. దుమ్ము, కంకర, రోడ్డు రోలర్లు. బెల్లం లోడుకి వచ్చిన లారీలు, పరవాడ వైపు సామాను దించి వచ్చిన లారీలు మా కాటా పక్కన ఖాళీ జాగాలో ఆగేవి. అక్కడో భోజనాల హోటలు, పంక్చరు షాపు, గ్రీజు కొట్టే బడ్డీ ఉండేవి. వాటి మధ్య ఒకరోజు రేకుల షెడ్డు లేచింది. ముందర రంగురంగుల బోర్డు పెట్టారు. వీడియో గేమ్స్ అని పెద్దక్షరాలు, దాని కింద స్కిల్ గేమ్స్ అని కొంచెం చిన్నక్షరాలు, అన్నిటికీ అడుగున ప్రభుత్వ అనుమతి పొందినది అని.

లోపల వరసగా మిషన్లు. కౌంటరు దగ్గర బిళ్ళ కొనుక్కుని మిషన్లో వేస్తే తెర మీద పళ్ళ బొమ్మలు గిరగిరా తిరుగుతాయి. ఎదురుగా ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కితే బొమ్మలు ఆగుతాయి. ఒకే రకం పళ్ళు వరసలో ఆగితే కింద ట్రేలో బిళ్ళలు పడతాయి. ఆగకపోతే ఇంకో బిళ్ళ కొనుక్కోవాలి. అంతే ఆట. ఆ ఎర్ర బటన్ ఉంది గనక, దాన్ని మనిషి వేలితో నొక్కుతాడు గనక అది జూదం కాదట, పనితనమట. ఎవరో ఎక్కడో కోర్టుకెళ్ళారు, కోర్టు ఏదో అంది, దాని మీద ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేసింది. బెల్లం మార్కెట్ వెనకాల తువ్వాలు పరుచుకుని పేకతో ముక్కాట ఆడే కలాసీల్ని మాత్రం పోలీసులు చొక్కాలు విప్పించి స్టేషన్ దాకా నడిపించేవారు. వాళ్ళకి బటన్ లేదు మరి.

అన్నిటికన్నా నా ఒళ్ళు మండించినది ఆ లైసెన్సు కాగితం. పార్లరు ఓనరు దాన్ని అద్దంలో బిగించి గోడకి తగిలించాడు. రోజూ పొద్దున్నే దానికి బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించేవాడు. కాగితం మీద గుండ్రటి సీలు ఉండేది. డ్రైవర్లు లోపలికి వెళ్ళగానే ఆ సీలు ఉన్న చోట అద్దాన్ని ముట్టుకుని, వేళ్ళు కళ్ళకద్దుకుని, అప్పుడు బిళ్ళలు కొనేవారు. వాళ్ళ దృష్టిలో అవి గవర్నమెంటు మిషన్లు. లాటరీ టిక్కెట్లు ఒకప్పుడు గవర్నమెంటు అమ్మలేదా, సారా కొట్టు గవర్నమెంటు పాట పెట్టలేదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. ప్రైవేటువాడైతే మోసం చేస్తాడు గానీ సీలున్న మిషను మోసమెందుకు చేస్తుందని వాళ్ళ నమ్మకం. నేను ఎంతమందికి చెప్పానో. కాటా గుమాస్తా మాటకన్నా సీలు మాట పెద్దది.

సేటప్ప మొగుడు ఆ నమ్మకంలో అందరికన్నా ముందున్నవాడు. పక్క ఊరి మనిషి. సొంత లారీ ఉండేది. పాతదే, ముందు అద్దం మీద సిలువ బొమ్మ అంటించి ఉండేది. మొగుడూ పెళ్ళాం ఏళ్ళ తరబడి కష్టపడి, ఫైనాన్సు మీద కొన్నారు. ఆ ఇంటికి పొలం లేదు, ఇంకో ఆధారం లేదు, ఆ లారీ ఒక్కటే. అతను బెల్లం లోడు ఎత్తుకుని వెళ్ళాల్సినవాడు, బండిని మా కాటా పక్కన నిలబెట్టి షెడ్డులోకి వెళ్ళేవాడు. లోడు వేరేవాడు ఎత్తుకుపోయేవాడు. మొదట్లో వారంలో ఒకరోజు. తర్వాత లోడు మీద వెళ్ళిన రోజే వింత అయింది.

ఇంటి దగ్గర పెళ్ళాం ఏడుస్తుంది, పుట్టింటికి పోతుంది, సంఘంలో చెప్పి పెద్దమనుషుల్ని తెస్తుంది అని నేను అనుకున్నాను. ఆవిడ ఇవేమీ చెయ్యలేదు. ఒక పొద్దున్న చంకలో చేట, చేతిలో బియ్యం సంచి, రెండో చేతిలో క్యారేజీ పట్టుకుని హైవే దాటి వచ్చింది. పొడుగు మనిషి. మగాడి అడుగు. పళ్ళ మధ్య పిన్నీసు ఎప్పుడూ ఉండేది, మాట్లాడేటప్పుడు కూడా తీసేది కాదు. మొగుడి లారీ దగ్గర ఆగి, దాని బానెట్ మీద రెండుసార్లు తట్టి, "పడుకున్నావేటి, బేగి లేపుతాను ఉండు," అని, తిన్నగా షెడ్డులోకి వెళ్ళి మొగుడి పక్క స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

ఓనరు మర్యాదస్తుడిలాగే చెప్పాడట, స్టూళ్ళు ఆడేవాళ్ళకే అప్పా, గోడ మీద రాసుంది చూడు అని. ఆవిడ గోడ చదివింది. మిషనరీ బడిలో ఏడు దాకా చదువుకున్న మనిషి. ఆడేవారికి మాత్రమే కుర్చీ అని ఉంది. దాని కింద ఆట మధ్యలో ఆటగాణ్ణి లేపరాదు అని కూడా ఉంది. ఇది లైసెన్సు షరతు, ఓనరు సొంతానికి రాసింది కాదు. కౌంటరుకి వెళ్ళి ఒకే ఒక్క బిళ్ళ కొంది. మిషన్లో వేసింది. పళ్ళ బొమ్మలు గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. ఆవిడ బటన్ నొక్కలేదు. చేట ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ రాళ్ళు ఏరుకుంది.

కాసేపటికి ఓనరు వచ్చి నొక్కమన్నాడు.

"ఆలోసిత్తన్నాను," అంది సేటప్ప.

"ఏటాలోసిత్తావు అప్పా, నొక్కీయ్."

"పనితనం ఆట అని రాసేవు కదేటి. పనితనం అంటే తొందర పడితే అవుద్దా? సరైన టైము కోసం సూత్తన్నాను. నా ఆట అవ్వలేదింకా."

పక్కనున్న డ్రైవర్లు నవ్వారు. ఓనరు కౌంటరు వెనక్కి వెళ్ళిపోయాడు. బొమ్మలు ఆ రోజంతా తిరుగుతూనే ఉన్నాయి.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది, రోజుకొక్క బిళ్ళ కొనేది. చేటలో బియ్యం అయిపోతే చింతపండు గింజలు తీసేది, కందిపప్పు బాగుచేసేది, అదీ లేకపోతే తల దువ్వుకునేది. ఆడమనిషి పక్కన కూర్చుని జడ అల్లుకుంటూ ఉంటే ఎంత మొండి డ్రైవరైనా ఎంతసేపని బటన్ నొక్కుతాడు? ఏరిన రాళ్ళు కింద పారెయ్యకుండా మిషను ట్రేలో, బిళ్ళలు పడాల్సిన చోట వేసేది. ఓనరు సాయంత్రం ట్రేలో చెయ్యి పెడితే రాళ్ళు దొరికేవి. ఇదేమిటని అడిగితే, "మిసను ఎలాగూ ఏటీ ఎయ్యదు, నేనైనా ఎయ్యాల కదా," అందట. ఈ మాట వారం రోజుల్లో హైవే పొడుగునా ప్రతి టీ బడ్డీకీ చేరింది.

మధ్యాన్నం క్యారేజీ విప్పాక చూడాలి ఆవిడని. పిన్నీసు తీసి పైట కొంగుకి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకి ప్రార్థన చేసేది. చిన్న ప్రార్థన కాదు. అన్నానికి స్తోత్రం చెప్పి, వండిన పొయ్యికి చెప్పి, రోడ్డు మీద తిరిగే బళ్ళన్నిటికీ బ్రేకులు నిలవాలని అడిగి, అక్కడున్న డ్రైవర్లని పేరు పేరునా తలుచుకుని, చివర్లో పార్లరు ఓనరుకి ఇంకేదైనా మంచి యాపారం సూపించు తండ్రీ అని వేడుకునేది. ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఒక్కడు కూడా బటన్ మీద వేలు పెట్టేవాడు కాదు. సిలువ వేసుకునేవాడూ, బొట్టు పెట్టుకునేవాడూ, తాయెత్తు కట్టుకున్నవాడూ అందరూ చేతులు కట్టుకుని నిలబడేవారు. ఓనరు కూడా. నాకు నవ్వు వచ్చేది.

మంచి మనిషని అందరూ అనుకునేలా ఉండేది కాదు లెండి. నోరు భయంకరం. హోటలువాడితో కూర చల్లారిందని రోజూ తగువు. కాటాలో నేను మోసం చేస్తానని చివరిదాకా అనుమానం; మొగుడి లారీ తూచేటప్పుడు వచ్చి నా భుజం మీంచి అంకెలు చూసేది. "కాటా బాబూ, నీ ముల్లు కొద్దిగా అటు జారినట్టుంది," అనేది. ముల్లు కాదమ్మా, అది కంప్యూటరు అంటే, "అయితే మరీ నమ్మకూడదు," అనేది.

మొగుడు మొదట్లో సిగ్గుతో తల తిప్పుకున్నాడు. తర్వాత తిట్టాడు. ఆ తర్వాత ఒకరోజు ఆవిడ పక్కన కాసేపు ఊరికే కూర్చుని, బిళ్ళలు కొనకుండానే లేచి, లారీ ఎక్కి, బెల్లం లోడుకి వెళ్ళాడు. ఆవిడ తలెత్తి చూడలేదు. చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. ఇక ఆ సీజనంతా లారీ తిరిగింది. లోడు మీద లోడు. బండి తెల్లారి కాటా మీదికి వచ్చినప్పుడల్లా నాకు ఎంత సంతోషమనిపించేదో చెప్పలేను. చట్టం చెయ్యలేని పని, కోర్టు చెయ్యని పని ఆవిడ రోజుకొక్క బిళ్ళతో, ఒక్క చేటతో చేస్తోంది.

అప్పుడు జీపు వచ్చింది.

పేపర్లలో ఈ పార్లర్ల మీద రాతలు రావడం మొదలైందట, అందుకని పైనుంచి తనిఖీ చెయ్యమన్నారు. ఆఫీసరొకాయన, ఆయన వెనక ఫైలు పట్టుకున్న మనిషి. పక్క షాపువాళ్ళ సాక్షి సంతకం కావాలని నన్ను పిలిచారు గనక అక్కడ జరిగినదంతా నా కళ్ళతో చూశాను. ఆయన లైసెన్సు చూశాడు. మిషన్లు లెక్కపెట్టాడు. లైసెన్సులో రాసినన్నే ఉన్నాయి. మంటలార్పే సిలిండరు ఉందా, ఉంది. తాగే నీళ్ళు ఉన్నాయా, ఉన్నాయి. లైసెన్సు పటానికి వేసిన దండ ఆయన కంట పడింది, ఆయన మొహంలో కొంచెం తృప్తి కూడా కనిపించింది నాకు. అంతా సక్రమంగా ఉందని రాయించాడు. ఆ మిషన్లు మనుషుల్ని ఏం చేస్తున్నాయన్న గడి ఆ ఫైల్లో లేదు.

వెళ్ళబోతూ, చేటతో కూర్చున్న ఆవిణ్ణి చూసి ఎవరని అడిగాడు.  సేటప్ప లేచి నిలబడింది. పిన్నీసు నోట్లోంచి తీసింది.

"బాబూ, తమరు గవర్నమెంటే కదా?"

ఆయన నవ్వి అవునన్నాడు.

"ఈ ఆట పనితనం అని రాసింది తమరే కదా? బెల్లం పొయ్యి కాడ ఒక ఏడాది నిలబడితే ఎవడికైనా పాకం దించడం వత్తాది. కుట్టుమిసను కాడ కూకుంటే ఆడపిల్లకి రైక కుట్టడం వత్తాది. మా మావ ఈ మిసను కాడ ఎన్నాళ్ళు కూకున్నాడో అందరికీ తెలుసు. పనితనమైతే ఈపాటికి రావాల కదేటి? ఎవుడికీ రానేదేటి మరి?"

ఆయన మళ్ళీ నవ్వాడు. కోర్టు ఆర్డరమ్మా, మా చేతిలో ఏముంది అన్నాడు. అయితే తమరొక్కపాలి నొక్కి చూపించండి, నా బిళ్ళ తిరుగుతానే ఉంది అంది ఆవిడ. డ్యూటీలో ఉండగా ఆడకూడదన్నాడు. ఎందుకాడకూడదు, జూదం కాదు కదా అని నేను అడగబోయాను. ఈలోపు ఆవిడే, ఇక వాదన లాభం లేదని తెలిసి, గొంతు దించేసింది. ఆవిడ ఎవరినైనా బతిమాలుకోవడం నేను చూడటం అదే మొదలు.

"బాబ్బాబు, ఆడోలకీ పిల్లలకీ దీని బాద తగలకండా ఏదొకటి సెయ్యండి."

ఆఫీసరు ఆ మాట దగ్గర ఆగాడు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. తప్పకుండా చేస్తామమ్మా అన్నాడు. ఆవిడ దణ్ణం పెట్టింది. జీపు వెళ్ళిపోయాక నాతో, "మంచోడే కాటా బాబూ, రాసుకున్నాడు," అంది.

చేశారు. అదే కదా నా కడుపుమంట. అన్ని అర్జీలూ ఏళ్ళ తరబడి ఎక్కడో పడుంటాయి, ఈ ఒక్కటి మాత్రం వెంటనే అమలైంది. లైసెన్సుకి కొత్త షరతు చేర్చారు. ఓనరు రేకు మీద నీలం రంగు వేయించి, తెల్లక్షరాలతో రాయించి గుమ్మానికి కొట్టాడు. స్త్రీలకు, పిల్లలకు ప్రవేశం లేదు. కింద ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు అని. ఆడవాళ్ళకి, పిల్లలకి ఈ మిషన్ల బాధ తగలకూడదు కదా, అందుకని వాళ్ళని లోపలికి రానివ్వకూడదు. ఎంత చక్కటి బుర్ర. మిషన్లు ఉంటాయి, మొగుళ్ళు ఉంటారు, లారీలు కరిగిపోతుంటాయి, వీటిలో దేనికీ షరతు లేదు. ఆ షెడ్డులో అడుగుపెట్టే ఆడది జిల్లా మొత్తం మీద ఒక్కర్తే ఉంది, ఆవిడ కోసం ఒక ప్రభుత్వం కూర్చుని ఆలోచించి ఉత్తర్వు రాసింది.

ఆ పొద్దున్న ఆవిడ బోర్డు చదివి కూడా లోపలికి వెళ్ళింది. బిళ్ళ అప్పటికే కొని కొంగున కట్టుకుని ఉంది. వేసింది, బొమ్మలు తిరిగాయి, చేట తీసింది. లేవమని ఓనరు అంటే, ఆట మధ్యలో లేపకూడదని నీ గోడ మీదే ఉంది అంది. అతను పాపం కొట్టలేదు, చెయ్యి పట్టుకోలేదు. వెళ్ళి మెయిన్ స్విచ్చి కట్టేశాడు. మిషన్లన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. ఫ్యాన్లు ఆగాయి. మా కాటా కిటికీలోంచి చూస్తే ఆవిడ ఆ చీకటి తెర ముందు కాసేపు అలాగే కూర్చుని ఉంది. తర్వాత చేటలో బియ్యం సంచిలోకి ఒంపుకుని బయటికి వచ్చింది. ఆవిడ గుమ్మం దాటిన తర్వాత స్విచ్చి వేశారు.

కొన్నాళ్ళు బయట పంక్చరు షాపువాడి పాత టైరు మీద కూర్చుంది. ఎండలో, రోడ్డు పని దుమ్ములో. బియ్యంలో రాళ్ళకన్నా దుమ్మే ఎక్కువ పడేది. లోపలున్నవాడికి బయట కూర్చున్నది కనిపించదు. మొగుడు మళ్ళీ లోపలికి చేరాడు. మరుసటి చెరుకు సీజనుకి ఫైనాన్సువాళ్ళు వచ్చి లారీని మా కాటా పక్కనుంచే తోలుకుపోయారు. ఆవిడ అడ్డం వెళ్ళలేదు. బానెట్ మీద రెండుసార్లు తట్టింది, అంతే. ఆ తర్వాత హైవేకి రావడం మానేసింది.

కొన్నేళ్ళకి ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఇది పనితనం కాదు, జూదమే అని తేల్చారు. మిషన్లు ఎత్తించేశారు, షెడ్డులో సెల్ ఫోన్ల షాపు పెట్టారు. మరి అప్పుడు పనితనమని సీలు కొట్టింది ఎవరని అడిగేవాడు లేడు. పోయిన లారీలు తిరిగి ఇచ్చే షరతు ఏ ఉత్తర్వులోనూ ఉండదు.

కబురు తెలిసిన మూడో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. మొగుడు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు పరవాడలో ఏదో కంపెనీ గేటు దగ్గర కాపలా చేస్తున్నాడట, కంపెనీ బస్సులో పోయి వస్తాడట. ఒళ్ళో చేట ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు, చేతకాని వేళ్ళతో. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కన కూర్చున్నాను.  అతనే మాట్లాడాడు.

"అది పక్కన కూకున్నన్నాళ్ళూ నాకు సెయ్యి ఆడీది కాదు కాటా బాబూ. సిగ్గేసీది. ఆ బోర్డెట్టిననాడు లోపలికెల్లి సూత్తే పక్క స్టూలు కాళీగా ఉంది. ఇంక నాకు సిగ్గుపడ్డానికి మనిసే నేకుండా పోనాది."

చేటలోంచి ఒక రాయి ఏరి అవతల వేశాడు.

"గవర్నమెంటే పంపేసింది కదా, ఇంక నేను ఆడుకోవచ్చు కాబోలు అనుకున్నాను," అన్నాడు.

 సాయంకాలమైంది. అతను చేట పక్కన పెట్టి, కోళ్ళని గూట్లో కమ్మెయ్యాలి అంటూ పెరట్లోకి దారి తీశాడు. నేనూ వెంట వెళ్ళాను. గోడ వార కోళ్ళగూడు ఉంది, ఇటుకలతో కట్టింది. దాని నెత్తిన అడ్డంగా నీలం రేకు కొట్టి ఉంది. పార్లరు ఎత్తేసినప్పుడు పాత ఇనప సామాన్లవాడి దగ్గర ఆవిడే బేరమాడి కొనుక్కొచ్చిందట, తనే మేకులు కొట్టిందట. రంగు వెలిసింది గానీ అక్షరాలు బాగానే తెలుస్తున్నాయి. అతను నూకలు చల్లి బా బా అని పిలిచాడు. పెట్టలు పెరట్లో అన్ని మూలల నుంచీ వచ్చి, పిల్లల్ని వెంటేసుకుని, స్త్రీలకు, పిల్లలకు ప్రవేశం లేదు అన్న బోర్డు కిందనుంచి తాపీగా లోపలికి పోయాయి.